ఉద్యోగం, గ్రీన్ కార్డు, పౌరసత్వం: అమెరికాలో న్యాయసలహా ఎవరిని, ఎప్పుడు, ఎలా అడగాలి

లేఆఫ్ మెయిల్ వచ్చిన రాత్రి చాలామంది ముందుగా వాట్సాప్ గ్రూపులో అడుగుతారు. నిమిషాల్లో జవాబులు వచ్చి పడతాయి. చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు. అయితే ప్రతి జవాబూ చెప్పినవాళ్ల కాగితాలకు సరిపోయే జవాబు. వాళ్ల ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే రికార్డు) గడువు వేరు, మీది వేరు. వాళ్ల ఐ-140 (గ్రీన్ కార్డు కోసం ఎంప్లాయర్ వేసే పిటిషన్) అప్రూవ్ అయి రెండేళ్లయింది, మీది రెండు నెలలే అయింది. ఆ ఒక్క తేడాతో జవాబు తలకిందులవుతుంది.

హెచ్-1బి (ఎంప్లాయర్ స్పాన్సర్ చేసే ఉద్యోగ వీసా) మీద ఉన్నవారికి ఉద్యోగం, దేశంలో ఉండే హక్కు ఒకే తాడుకు కట్టి ఉంటాయి. అందుకే ఇక్కడ సలహా అడగడానికి ఒక పద్ధతి కావాలి. డబ్బు పెట్టి లాయరును పెట్టుకునేముందు ఉచితంగానో, కొద్ది ఖర్చుతోనో తెలుసుకోగలిగింది చాలా ఉంది. ఎవరిని ఏ ప్రశ్న అడగాలో, ఏ కాగితం చేతిలో పెట్టుకుని అడగాలో తెలిసి ఉండాలి, అంతే.

ముందు తేదీలు తేల్చుకోండి

ఎవరికీ ఫోను చేయకముందే ఒక కాగితం మీద మూడు తేదీలు రాయండి.

మొదటిది, కంపెనీ మీకు జీతం లెక్కగట్టిన ఆఖరి రోజు. హెచ్-1బి వారికి ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజుల గ్రేస్ పీరియడ్ ఉంటుంది. 2017 జనవరి 17 నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది. లెక్క ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచి మొదలవుతుంది. మామూలుగా జీతం ఇచ్చిన ఆఖరి రోజునే ముగింపుగా చూస్తారు. సెవరెన్స్ (తొలగించినప్పుడు కంపెనీ ఇచ్చే పరిహారం) డబ్బు తర్వాత వచ్చినా గడువు దాంతోపాటు జరగదు. శని, ఆదివారాలు కూడా ఈ లెక్కలోవే.

రెండోది, ఐ-94 గడువు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 60 రోజులు, ఐ-94 గడువు, ఈ రెండింటిలో ఏది ముందొస్తే అదే మీ గడువు. ఇండియా వెళ్లి తిరిగొచ్చినప్పుడు పాస్‌పోర్టు గడువు దగ్గర్లో ఉంటే, ఎయిర్‌పోర్టులో అధికారి ఐ-94ను పాస్‌పోర్టు గడువు వరకే ఇవ్వవచ్చు. చేతిలో ఉన్న ఐ-797 (ఇమ్మిగ్రేషన్ శాఖ ఇచ్చే అప్రూవల్ నోటీసు) మీద ఇంకా రెండేళ్లు ఉందని ధీమాగా ఉంటారు. అసలు గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. సీబీపీ (సరిహద్దు తనిఖీ శాఖ) వెబ్‌సైటులో, చివరిసారి దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చిన మీ ఐ-94 ఉచితంగా దొరుకుతుంది. ఈరోజే తీసి చూడండి. ఉద్యోగం భద్రంగా ఉన్నవారు కూడా ప్రతి ప్రయాణం తర్వాత చూడాలి.

మూడోది, హెచ్-1బికి ఉన్న ఆరేళ్ల పరిమితి ఎప్పుడు నిండుతుందో ఆ తేదీ, ఐ-140 ఉంటే దాని అప్రూవల్ తేదీ, ప్రయారిటీ డేటు (గ్రీన్ కార్డు వరుసలో మీ స్థానాన్ని తేల్చే తేదీ).

ఓపీటీ (చదువుకు సంబంధించిన పని చేసే అనుమతి) మీద ఉన్న విద్యార్థులకు లెక్క వేరు. ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులు మించకూడదు. స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం చదివినవారి) పొడిగింపు కూడా కలిపితే మొత్తం 150 రోజులు. వీరికి మొదటి ఫోను కాలేజీ డీఎస్‌ఓకి (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారికి).

కాగితాలు లాగిన్ పోకముందే తెచ్చుకోండి

కంపెనీ లాగిన్ ఆగిపోయాక పేస్టబ్ (జీతం చీటీ) తెచ్చుకోవడానికి వారాలు పడుతుంది. ఆఫర్ లెటరు, ఎల్‌సీఏ (మీ జీతం, పని వివరాలతో ఎంప్లాయర్ కార్మికశాఖకు ఇచ్చే పత్రం) కాపీ, ఐ-797లు అన్నీ, పేస్టబ్‌లు, ఏటేటా వచ్చిన డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, ట్యాక్సు పత్రాలు), తొలగింపు ఉత్తరం, సెవరెన్స్ పత్రం, మీరు సంతకం చేసిన బాండు ఉంటే అదీ దింపుకోండి. ఎల్‌సీఏ కాపీని మీరు పనిలో చేరే రోజుకల్లా ఇవ్వాల్సిన బాధ్యత ఎంప్లాయర్‌దే. ఇవ్వకపోతే అడగండి, మెయిల్‌లో అడగండి.

ఒక జాగ్రత్త. మీ సొంత ఉద్యోగ పత్రాలు తీసుకోవడం వేరు, కంపెనీ కోడు, క్లయింటు ఫైళ్లు సొంత మెయిల్‌కు పంపుకోవడం వేరు. రెండోది చేస్తే మీ న్యాయమైన కేసు కూడా బలహీనపడుతుంది. లాయరుకు రాసే మెయిళ్లు కంపెనీ లాప్‌టాప్ నుంచి అసలు రాయవద్దు.

ఐ-140 కాపీ ఎంప్లాయర్ ఇవ్వనంటే దారి మూసుకుపోయినట్టు కాదు. యూఎస్‌సీఐఎస్ (ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులు చూసే ప్రభుత్వ శాఖ) వద్ద మీ ఫైలు కోసం ఎఫ్‌ఓఐఏ (సమాచార హక్కు) అభ్యర్థన ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు, దానికి రుసుము లేదు. కానీ సమయం పడుతుంది. గొడవ వచ్చాక పెట్టడం కంటే ఐ-140 అప్రూవ్ అయిన కొద్ది నెలలకే పెట్టి దాచుకోవడం మేలు.

ఒక్క పేజీ నోటు

ఉచిత సంప్రదింపు సాధారణంగా పావుగంట, అరగంట. అందులో పది నిమిషాలు కథ చెప్పడానికే పోతే సలహాకు సమయం మిగలదు. అందుకని ఒక్క పేజీ రాసుకోండి. పైన మీ పేరు, ప్రస్తుత స్టేటస్, ఐ-94 గడువు, నివసించే రాష్ట్రం, పని చేసిన రాష్ట్రం. తర్వాత తేదీలవారీగా జరిగినవి, ఒక్కో తేదీకి ఒక్క వాక్యం. "మేనేజరు చాలా అన్యాయంగా మాట్లాడాడు" అని రాస్తే లాయరుకు ఏమీ అందదు. "మార్చి 3న ప్రాజెక్టు అయిపోయింది, మార్చి 4 నుంచి ఏప్రిల్ 20 వరకు జీతం రాలేదు, తొలగింపు ఉత్తరం ఇవ్వలేదు" అని రాస్తే కేసు అక్కడికక్కడే కనిపిస్తుంది. చివర మూడు ప్రశ్నలు, మించవద్దు.

మీకు ఇబ్బందిగా ఉన్న నిజాన్ని కూడా ఆ పేజీలో రాయాలి. రెజ్యూమెలో లేని అనుభవం పెట్టారా, బెంచ్ మీద (ప్రాజెక్టు లేక ఖాళీగా) ఉన్నప్పుడు మీ డబ్బే కన్సల్టెన్సీకి ఇచ్చి పేస్టబ్ వేయించుకున్నారా, ఎప్పుడో దుకాణంలో చిన్న దొంగతనం కేసు పడిందా, అవన్నీ లాయరుకు ముందే తెలియాలి. తెలిసి అబద్ధం చెప్పి వీసా ప్రయోజనం పొందారని తేలితే ఆ మచ్చ జీవితాంతం వెంటాడుతుంది. దాన్ని ఎలా ఎదుర్కోవాలో ముందుగా చెప్పగలిగేది లాయరే. ఆ మాట అక్కడ తప్ప ఇంకెక్కడా చెప్పకండి.

ఎవరు ఎవరి లాయరు?

కంపెనీ పెట్టిన ఇమ్మిగ్రేషన్ లాయరు మీ ఫైలు మొత్తం చూసే మనిషి, ఎంతో మర్యాదగా మాట్లాడతారు. పిటిషన్ వేసేది ఎంప్లాయర్, ఫీజు కట్టేది ఎంప్లాయర్. మీకూ ఎంప్లాయర్‌కూ మధ్య తగాదా వచ్చిన క్షణం నుంచి ఆయన మీకు సలహా ఇవ్వలేరు. మీరు చెప్పిన మాట ఎంప్లాయర్‌కు చేరవచ్చు కూడా. "నా కేసు స్టేటస్ ఏమిటి" అని ఆయన్ని అడగండి. "జీతం ఎగ్గొట్టారు, ఫిర్యాదు చేయనా" అని మాత్రం అడగవద్దు.

ఇమ్మిగ్రేషన్ చట్టం ఫెడరల్ చట్టం. కాబట్టి ఏ రాష్ట్రంలో లైసెన్సు ఉన్న లాయరైనా దాని మీద సలహా చెప్పవచ్చు. డల్లాస్‌లో ఉండి న్యూజెర్సీ లాయరును అడిగినా తప్పులేదు. ఉద్యోగ ఒప్పందాలు, బాండ్లు, నాన్‌కంపీట్ (మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు), సెవరెన్స్ ఎక్కువగా రాష్ట్ర చట్టాల కిందికి వస్తాయి. కాలిఫోర్నియాలో నాన్‌కంపీట్ షరతు దాదాపుగా చెల్లదు. వేరే చాలా రాష్ట్రాల్లో అలా కాదు. అంటే లేఆఫ్ అయినవారికి తరచూ ఇద్దరు లాయర్లు కావాలి. ఒకే మనిషి రెండూ చూస్తానంటే రెండో విషయంలో ఎన్ని కేసులు చేశారో అడగండి.

తక్కువ ఖర్చుతో దొరికే చోట్లు ఇవి. ప్రతి రాష్ట్ర బార్ అసోసియేషన్‌కూ సాధారణంగా లాయర్ రెఫరల్ సేవ ఉంటుంది. కొద్ది రుసుముతోనో, ఉచితంగానో మొదటి అరగంట ఇప్పిస్తారు. లా స్కూళ్లలో ఇమ్మిగ్రేషన్ క్లినిక్‌లు ఉంటాయి, ప్రొఫెసర్ల పర్యవేక్షణలో విద్యార్థులు కేసులు చూస్తారు. పౌరసత్వ దరఖాస్తులకు ఇవి చాలా బాగా పనికొస్తాయి, హెచ్-1బి చిక్కులకు అంతగా పనికిరావు. లాభాపేక్ష లేని సంస్థల్లో న్యాయశాఖ గుర్తింపు పొందిన అక్రెడిటెడ్ ప్రతినిధులు ఉంటారు. లాయర్లు కాకపోయినా ఇమ్మిగ్రేషన్ సలహా చెప్పే అధికారం వారికి ఉంది. తెలుగు సంఘాల మహాసభల్లో, శనివారపు వెబినార్లలో లాయర్లు ప్రశ్నలు తీసుకుంటారు. అక్కడ చట్టం గురించి సాధారణమైన ప్రశ్న అడగండి, మీ కేసు వివరాలు వందమంది ముందు విప్పవద్దు. ఉద్యోగుల తరఫున వాదించే లాయర్ల కోసం నేషనల్ ఎంప్లాయ్‌మెంట్ లాయర్స్ అసోసియేషన్ జాబితా చూడవచ్చు.

లాయరు కాని, అక్రెడిటేషన్ లేని "కన్సల్టెంటు" ఎంత అనుభవజ్ఞుడైనా మీకు న్యాయసలహా ఇవ్వకూడదు. ఏ ఫారం నింపాలో మీకు బదులు నిర్ణయించకూడదు. తప్పు జరిగితే నష్టపోయేది ఫారం కింద సంతకం చేసిన మీరే. ఎవరి పేరు విన్నా ఆ రాష్ట్ర బార్ వెబ్‌సైటులో వెతకండి. లైసెన్సు యాక్టివ్‌గా ఉందా, క్రమశిక్షణ చర్యలు ఉన్నాయా అన్నది రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

ప్రభుత్వ ఫోను లైన్లను మనవాళ్లు చాలా తక్కువగా వాడుకుంటారు. జీతం బకాయిలకు కార్మికశాఖ వేజ్ అండ్ అవర్ డివిజన్, 1-866-487-9243. పౌరసత్వం, వీసా స్టేటస్ చూపి ఉద్యోగం నిరాకరించినా, ఐ-9 (పని చేసే అర్హతను ధ్రువీకరించే ఫారం) దగ్గర ఇబ్బంది పెట్టినా న్యాయశాఖలోని ఇమ్మిగ్రెంట్ అండ్ ఎంప్లాయీ రైట్స్ విభాగం, 1-800-255-7688. ఈ రెండో నంబరుకు పేరు చెప్పకుండా కూడా ఫోను చేయవచ్చు. వాళ్లు మీ లాయర్లు కారు, చట్టం ఏమంటుందో చెబుతారు. చాలాసార్లు అదే సరిపోతుంది.

గ్రూపులో అడగాల్సివస్తే

గ్రూపులు దేనికి బాగుంటాయంటే, ఏ లాయరు ఫోను ఎత్తుతారు, ఏ సెంటరులో ఎన్ని రోజులు పడుతోంది, ఇంటర్వ్యూలో ఏ కాగితాలు అడిగారు వంటి వాటికి. ఎంప్లాయర్ పేరు, రసీదు నంబరు, పాస్‌పోర్టు ఫొటో, మీ తప్పు ఒప్పుకునే వాక్యం గ్రూపులోకి వెళ్లకూడదు. లాయరుతో మాట్లాడింది గోప్యంగా ఉంటుంది, ఫీజు కట్టకపోయినా సరే. గ్రూపులో రాసినదానికి ఆ రక్షణ లేదు. లాయరుతో మాట్లాడేటప్పుడు స్నేహితుణ్ని స్పీకర్ ఫోనులో కూర్చోబెడితే ఉన్న గోప్యత కూడా పోయే ప్రమాదం ఉంది.

ఉద్యోగం గురించి అడగాల్సిన అసలు ప్రశ్నలు

బెంచ్. ప్రాజెక్టు లేదని ఎంప్లాయర్ జీతం ఆపడం చట్టవిరుద్ధం. హెచ్-1బి ఉద్యోగికి పని చూపలేకపోయినా ఎల్‌సీఏలో రాసిన జీతం ఇవ్వాల్సిందే. మీరే సొంత కారణాలతో సెలవు అడిగితే తప్ప. అందుకే "నేను స్వచ్ఛందంగా సెలవు తీసుకుంటున్నాను" అని మెయిల్ పెట్టమంటారు. నిజం కాకపోతే పెట్టవద్దు. ఫిర్యాదుకు డబ్ల్యూహెచ్-4 ఫారం ఉంది, ఉల్లంఘన జరిగిన 12 నెలల్లోపు ఇవ్వాలి. ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించడం కూడా చట్టవిరుద్ధమే. జీతం రాని కాలంలో మీ స్టేటస్ దెబ్బతిని ఉంటే, మీ తప్పు లేదని యూఎస్‌సీఐఎస్‌కు చూపడానికి ఈ ఫిర్యాదు కాపీ సాక్ష్యంగా పనికొస్తుంది. లాయరును అడగాల్సింది: నా పేస్టబ్‌లలో ఖాళీ ఉంది, దీన్ని ముందుగా చూపాలా, ఎలా చూపాలి?

బాండు. ముందుగా మానేస్తే ఇన్ని వేల డాలర్లు కట్టాలని రాయించుకునే కన్సల్టెన్సీలున్నాయి. చట్టం "జరిమానా"ను నిషేధించింది, నిజంగా కలిగిన నష్టానికి సరితూగే పరిహారాన్ని కొన్నిచోట్ల అనుమతిస్తుంది. ఏది ఏదో తేల్చేది రాష్ట్ర చట్టం. హెచ్-1బి పిటిషన్ ఖర్చులు, లాయరు ఫీజు ఎంప్లాయర్ వ్యాపార ఖర్చులు, వాటిని మీ నుంచి రాబట్టి జీతాన్ని నిర్ణీత మొత్తం కంటే కిందికి దించకూడదు. పెర్మ్ (గ్రీన్ కార్డు దారిలో కార్మికశాఖ ఇచ్చే సర్టిఫికేషన్) ఖర్చు మొత్తం ఎంప్లాయరే భరించాలి. బెదిరింపు ఉత్తరం రాగానే భయపడి డబ్బు కట్టేయకండి, ముందు ఉత్తరాన్ని లాయరుకు చూపించండి.

సెవరెన్స్. ఆ కాగితం మీద సంతకం చేస్తే కేసు వేసే హక్కుల్లో చాలా వరకు వదులుకుంటున్నట్టే. 40 ఏళ్లు నిండినవారు వయోవివక్ష హక్కు వదులుకోవాలంటే ఆలోచించుకోవడానికి 21 రోజులు, గుంపుగా తొలగిస్తే 45 రోజులు, సంతకం చేశాక మనసు మార్చుకోవడానికి 7 రోజులు ఇవ్వాలి. హెచ్-1బి వారికి డబ్బు కన్నా విలువైనది తేదీ. సెవరెన్స్‌లో కొంత తగ్గించుకుని, ఆ మేరకు జీతంతో పేరోల్‌లో ఉంచి ఆఖరి తేదీని వాయిదా వేయమని అడగవచ్చా అని లాయరును అడగండి. పని లేకుండా పేరోల్‌లో ఉంచిన రోజుల్ని యూఎస్‌సీఐఎస్ ఎలా చూస్తుందో కూడా అదే ఫోనులో అడగండి, అది మీ ఒప్పందంలోని మాటల మీద ఆధారపడుతుంది. ఎంప్లాయర్ హెచ్-1బి గడువుకు ముందే తొలగిస్తే మీరు స్వదేశానికి వెళ్లే సహేతుకమైన ప్రయాణ ఖర్చు ఇవ్వాలి, మీకు మాత్రమే, కుటుంబానికి కాదు.

60 రోజుల్లో కొత్త ఎంప్లాయర్ పిటిషన్ వేస్తే, అది యూఎస్‌సీఐఎస్‌కు చేరగానే పని మొదలుపెట్టవచ్చు. దొరకకపోతే బీ-2 (సందర్శకుల) స్టేటస్‌కో, హెచ్-4 (హెచ్-1బి వారి భార్య/భర్త) స్టేటస్‌కో మారడానికి ఐ-539 దరఖాస్తు వేస్తారు. ఇది 60 రోజుల లోపే చేరాలి. కానీ బీ-2 పెండింగ్‌లో ఉండగా, 60 రోజులు దాటాక హెచ్-1బి పిటిషన్ వేస్తే, అది అప్రూవ్ అయ్యేదాకా పని చేయకూడదు. ఈ తేడా తెలియక పనిలో చేరి చిక్కుల్లో పడతారు.

"ఇండియా వెళ్లిపోయి అక్కణ్నుంచి వెతుక్కోండి" అన్న పాత సలహాను ఇప్పుడు కళ్లు మూసుకుని పాటించవద్దు. 2025 సెప్టెంబర్ 19 నాటి అధ్యక్ష ప్రకటన ప్రకారం, సెప్టెంబర్ 21 నుంచి దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బి పిటిషన్‌కు లక్ష డాలర్లు కట్టాలన్న నియమం వచ్చింది. 12 నెలల గడువుతో వచ్చిన ఈ ఆదేశం మీద కోర్టు వివాదాలు నడిచాయి. విమానం టికెట్ కొనేముందు ఈరోజు ఇది ఎలా అమలవుతోందో లాయరు నోట వినండి.

ఐ-140, గ్రీన్ కార్డు

ఐ-140 అప్రూవ్ అయి 180 రోజులు దాటితే, ఎంప్లాయర్ వెనక్కి తీసుకున్నా దాని ఆధారంగా హెచ్-1బి ఆరేళ్ల తర్వాత కూడా పొడిగించుకోవచ్చు. ప్రయారిటీ డేటు మాత్రం, ఎంప్లాయర్ 180 రోజుల లోపు వెనక్కి తీసుకున్నా మామూలుగా నిలుస్తుంది. 170వ రోజున రాజీనామా చేయబోతున్నవారు పదిరోజులు ఆగడం ఎంత విలువైనదో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఐ-485 (గ్రీన్ కార్డు కోసం మీరు వేసే ఆఖరి దరఖాస్తు) వేసి 180 రోజులు దాటితే అదే తరహా ఉద్యోగానికి మారవచ్చు. "అదే తరహా" అవునో కాదో గ్రూపు తేల్చలేదు, పెర్మ్‌లోని ఉద్యోగ వివరణ, కొత్త ఆఫర్ లెటరు పక్కపక్కన పెట్టి లాయరు తేల్చాలి.

గ్రీన్ కార్డు వచ్చాక స్పాన్సర్ దగ్గర ఆరునెలలు పని చేస్తే చాలన్న నియమం చట్టంలో ఎక్కడా లేదు. చూసేది ఉద్దేశాన్ని. కార్డు వచ్చిన వారంలోనే మానేసినవారు, పౌరసత్వ దరఖాస్తుకు ముందు తప్పకుండా సలహా తీసుకోవాలి.

పౌరసత్వం దగ్గర

ఎన్-400ను (పౌరసత్వ దరఖాస్తును) చాలామంది సొంతంగానే నింపుకుంటారు, మామూలు కేసుల్లో అది సరైనదే. గ్రీన్ కార్డు వచ్చి అయిదేళ్లు, పౌరుల భార్యాభర్తలకు మూడేళ్లు. ఆ తేదీకి 90 రోజుల ముందు నుంచి వేయవచ్చు. అయిదేళ్లలో కనీసం 30 నెలలు దేశంలో ఉండాలి.

లాయరు ఎప్పుడు కావాలంటే, తల్లిదండ్రుల అనారోగ్యంతో గుంటూరులోనో, కరీంనగర్‌లోనో ఒకేసారి ఆరునెలలు దాటి ఉండిపోయినప్పుడు. అప్పుడు మీ నిరంతర నివాసం తెగిందని అధికారులు ముందే అనుకుంటారు. ఇల్లు, ఉద్యోగం, కుటుంబం, ట్యాక్సు రిటర్నులు ఇక్కడే ఉన్నాయని మీరు చూపించుకోవాలి. ఏడాది దాటితే తెగినట్టే. రీ-ఎంట్రీ పర్మిట్ ఉంది కదా అని చాలామంది ధైర్యంగా ఉంటారు. అది తిరిగి రావడానికి పనికొస్తుంది, పౌరసత్వానికి కావలసిన నివాసాన్ని నిలబెట్టదు. గ్రీన్ కార్డు ఉండగా నాన్‌రెసిడెంట్‌గా ట్యాక్సు వేసినా, ఎప్పుడైనా అరెస్టయి కేసు కొట్టేసినా ముందు లాయరును కలవాలి.

డీఎంవీలో (డ్రైవింగ్ లైసెన్సుల కార్యాలయంలో) లైసెన్సు రెన్యువల్ చేసుకుంటూ ఓటరు నమోదు గడిలో టిక్ పెట్టినవారు, ఉద్యోగంలో చేరేటప్పుడు ఐ-9లో పొరపాటున పౌరుడినని గుర్తు పెట్టినవారు ఎన్-400 వేయకముందే లాయరుతో మాట్లాడాలి. పౌరుడినని తప్పుగా చెప్పుకోవడం, ఓటు వేయడం గ్రీన్ కార్డునే పోగొట్టగల విషయాలు. ఐ-9 దగ్గర మరో మాట: ఏ పత్రం చూపాలో ఎంచుకునేది ఉద్యోగి. గ్రీన్ కార్డే చూపాలని ఎంప్లాయర్ పట్టుబట్టకూడదు.

పౌరసత్వాన్ని వాయిదా వేసేవారికి తెలియని విషయం ఒకటుంది. పౌరసత్వ స్థితిని చూపి ఉద్యోగంలో వివక్ష చూపకుండా గ్రీన్ కార్డుదారులకు చట్టరక్షణ ఉంది, ఫిర్యాదుకు గడువు 180 రోజులు. అర్హత వచ్చిన ఆరునెలల్లోపు పౌరసత్వానికి దరఖాస్తు చేయనివారికి ఆ రక్షణ ఉండదు. హెచ్-1బి వారికి ఈ ప్రత్యేక రక్షణ మొదటినుంచీ లేదు. అయితే పుట్టిన దేశాన్ని చూపి చేసే వివక్షకు వారు కూడా ఫిర్యాదు చేయవచ్చు.

పిల్లలున్న ఇంట్లో తేదీ ఇంకా ముఖ్యం. గ్రీన్ కార్డు ఉన్న బిడ్డ 18 నిండకముందే తల్లో తండ్రో పౌరులై, బిడ్డ వారి సంరక్షణలో ఇక్కడే ఉంటే, బిడ్డ కూడా దానంతటదే పౌరుడవుతాడు. 17 ఏళ్ల అబ్బాయి ఉన్న ఇంట్లో దరఖాస్తు ఒక్క నెల ఆలస్యం చేయడం కూడా తప్పే.

1955 నాటి భారత పౌరసత్వ చట్టం ప్రకారం అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది. పాత పాస్‌పోర్టును సరెండర్ చేయాలి, దానితో ప్రయాణించకూడదు. ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే కార్డు) తీసుకున్నాక వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు, వారసత్వంగా రావచ్చు. ఊళ్లో పొలం లెక్కలున్నవారు ప్రమాణ స్వీకారానికి ముందే అక్కడి లాయరును అడగాలి, ఇక్కడి ఇమ్మిగ్రేషన్ లాయరుకు ఆ సంగతి తెలియదు.

ఫోనులోనూ, తర్వాతా

ముందు మీ ఎంప్లాయర్ పేరు చెప్పండి. ఆ కంపెనీ వారికి క్లయింటైతే మిమ్మల్ని తీసుకోలేరు. తర్వాత నోటు పంపి మూడు ప్రశ్నలు అడగండి. జవాబు విన్నాక ఇంకో రెండు అడగండి: "ఇందులో ఏ గడువు ముందు వస్తుంది? మీరు చెప్పింది తప్పయ్యేలా నా కాగితాల్లో ఏముండవచ్చు?" రెండో ప్రశ్నకు ఆలోచించి జవాబు చెప్పే లాయరు దగ్గర డబ్బు పెట్టి పని చేయించుకోవచ్చు.

ఆ సాయంత్రమే మీకు అర్థమైంది నాలుగు వాక్యాల్లో మెయిల్ పెట్టి, తప్పుంటే దిద్దమని కోరండి. ఉచిత సంప్రదింపుతోనే ఆయన మీ లాయరు అయిపోరు. ఒప్పందం మీద సంతకాలు అయ్యేదాకా గడువుల బాధ్యత మీదే. ఇద్దరు లాయర్లు రెండు రకాలుగా చెబితే, ఏ నిబంధన, ఏ తేదీ ఆధారంగా చెబుతున్నారో ఇద్దరినీ అడగండి. తరచూ తేడా చట్టంలో ఉండదు. ఒకరికి మీరు పాత ఐ-94 పంపి ఉంటారు.